అమ్మ కొట్టిన మేకు

లాల్‌దర్వాజాలో మాది తలుపులు, గడపలు చేసే కార్ఖానా. రెండేళ్ల కిందట యాకుత్‌పురా సేఠ్ ఒకాయన, తన ఫామ్‌హౌస్ పక్క చెరువులో తిరగడానికి మెత్తటి సీట్లతో పడవ చేయమన్నాడు. నాకదే మొదటి పడవ. నాలుగు నెలలు తిండీ నిద్రా మరిచి చేశాను.

నీళ్లలోకి దింపిన రోజు నేనూ సేఠూ ఎక్కి చెరువు మధ్యకు వెళ్లాం. అమ్మ గట్టు మీద నిలబడి చూస్తోంది.

"ఒక్క మేకు కొట్టలే సేఠ్, అంతా స్క్రూలే," అన్నాను గొప్పగా.

"మరి ఇదేంది భాయ్?" అన్నాడాయన.

ఆయన కాళ్ల దగ్గర చెక్కలోంచి మేకు మొన పొడుచుకొచ్చి ఉంది. పరువు పోయిందన్న కోపంతో నడుముకున్న సుత్తి తీసి ఒక్కటిచ్చాను. మేకు బయటికి పోయింది, నీళ్లు లోపలికి చిమ్మాయి. కంతలో బొటనవేలు పెట్టి కూర్చున్నాను. "యా అల్లా, నాకు ఈత రాదు!" అంటూ సేఠే తెడ్డు వేశాడు.

గట్టెక్కగానే అమ్మ, "నాడా ఏదిరా?" అంది.

"ఏం నాడా?"

"దిష్టికి పొద్దుగాల్నే పడవకు బయటికెల్లి ఒక్క మేకుతోని గుర్రపు నాడా కొట్టిన. మన గడపలన్నిటికి కొడ్తలేమా?"

నేను నోరు తెరిచేలోపే, "అది ఉండబట్టే పానాలతోని ఒడ్డుకొచ్చిండ్రు," అని కూడా అంది.

ఇంత జరిగాక సేఠ్ పడవ వద్దంటాడనుకున్నాను. ఆయన తడిసిన పైజమా పిండుకుంటూ అమ్మ దగ్గరికి వెళ్లి మెల్లగా అడిగాడు: "అమ్మా, ఇంకో నాడా ఉందా?"

ఇప్పుడు నేను చేసే ప్రతి పడవకూ నాడా ఉంటుంది. నీటికి జానెడు పైన, స్క్రూలతో, నేనే బిగిస్తాను.