బండి కింద కట్టిన ఫ్లెక్సీ

కంటి ఆపరేషన్ అయ్యాక మా నాన్న తన డీజిల్ కారు నాకిచ్చేశాడు. పదమూడేళ్ల బండి. తాళాలు నా చేతిలో పెడుతూ, "లీటరుకు పద్దెనిమిది ఇస్తాదమ్మా. చెడగొట్టాకు" అన్నాడు.

మేముండేది కడపలో. వేంపల్లె దాటాక ఒక ఊళ్లోని హైస్కూల్లో నేను భౌతికశాస్త్రం చెబుతాను. రోజూ ఆ కార్లోనే పోయి రావడం. నాతోపాటు మా బడి తెలుగు సారు కూడా వస్తారు. భారీ మనిషి, అంతకంటే భారీ గొంతు. పద్యం ఎత్తుకున్నారంటే ముందు పోయే లారీవాడు కూడా అద్దంలో చూస్తాడు.

కారు చేతికొచ్చిన నెలకు ట్యాంకు నిండా పట్టించి మైలేజీ లెక్క చూశాను. పదమూడు వచ్చింది. సాయంత్రం ఆ మాట నాన్నకు చెప్పాను.

"పదమూడా? బండి అదే, డీజిలూ అదే. మారింది డ్రైవరే గదా" అన్నాడు.

ఇరవై ఏళ్లుగా పిల్లలకు శక్తి, పని, ఘర్షణ అని చెబుతున్న మనిషిని నేను. ఆ మాట గుండెలో ముల్లులా దిగింది. ఆ రోజు నుంచి ఫోన్‌లో వీడియోలు చూడటం మొదలుపెట్టాను. ఎక్కడో విదేశంలో ఒకాయన తన పాత డీజిల్ కారుకు నానా మార్పులూ చేసి మైలేజీ సగానికి సగం పెంచానని చెప్పాడు. ఆయన వెనక ఇళ్ల మీదంతా మంచు పేరుకుని కనిపిస్తూనే ఉంది. నేనే పట్టించుకోలేదు.

మొదట బరువు తగ్గించాను. డిక్కీలోంచి ఒక గడ్డపార, రెండు చాపలు, నాన్న మంత్రాలయం పోయినప్పుడు తెచ్చుకున్న ఇత్తడి బిందె దింపాను. స్టెప్నీ కూడా దింపబోతే నాన్న అడ్డంగా నిలబడ్డాడు. తర్వాత టైర్లలో గాలి ఎక్కువ పట్టించాను. చిన్న రాయెక్కినా తెలుగు సారు తల టాపుకు కొట్టుకునేది. ఏసీ బంద్. అద్దాలు దించితే గాలి లోపల దూరి బండిని వెనక్కి లాగుతుంది కాబట్టి అవీ బంద్. వేగం యాభై దాటకూడదు. ఒకరోజు టమాటా ట్రేలు వేసుకున్న ఆటో ఒకటి హారన్ కొడుతూ మమ్మల్ని దాటిపోయింది.

"మేడమ్, నేనేమన్నా దిగి తోసేదా?" అన్నారు సారు.

ఇంత చేసినా వచ్చింది పదమూడున్నర.

"ఆ అర కూడా పంపులో నురగ చూసి ట్యాంకు నిండిందని ఆపింటారు, అందుకే" అన్నాడు నాన్న.

ఇక అసలు ఆయుధం తీశాను. కారు అడుగుభాగం గొట్టాలతో, నట్లతో ఎగుడుదిగుడుగా ఉంటుంది. గాలి అక్కడ చిక్కుకుంటుంది. అడుగంతా నునుపుగా కప్పేస్తే గాలి జారిపోతుందని ఆ మంచుదేశపాయన చెప్పాడు. ఆయన వాడిన రేకు మాకెక్కడ దొరుకుతుంది? మా మిద్దె మీద నీళ్ల ట్యాంకుకు కప్పిన పాత ఫ్లెక్సీ కనిపించింది. వేంపల్లె వైపు ఒక నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ. చేతులు జోడించి నవ్వుతున్న నిలువెత్తు మనిషి. ఆదివారం చాప పరుచుకుని కారు కింద దూరి, అంచులకు చిల్లులు పెట్టి కట్టుతీగతో బిగించాను. ఫ్లెక్సీలో నునుపైన వైపు బొమ్మ ఉన్న వైపే. అది గాలికి తగలాలి కాబట్టి నాయకుడి ముఖం రోడ్డు వైపు తిప్పక తప్పలేదు. పనిలో పనిగా, ఆయన చూపించినట్టే, ఇంజనుకు గాలి పోయే ముందు జాలీకి కూడా అట్టముక్క అడ్డం పెట్టి టేపు అతికించాను.

అవి ఒంటిపూట బడుల రోజులు. సోమవారం పన్నెండున్నరకు బడి వదిలాక బయల్దేరాం. రోడ్డు మీద నీళ్లున్నట్టు ఎండమావులు. వేంపల్లె ఇంకా రాకముందే ఇంజను వేడి చూపించే ముల్లు ఎర్రగీత వైపు లేచింది. ఇలాంటప్పుడు హీటరు వేయాలని నాకు తెలుసు. వేశాను.

సారు ముఖానికి వేడిగాలి కొట్టింది. "మేడమ్! ఏప్రిల్లో హీటరా?"

"ఇంజను వేడిని లోపలికి లాక్కుంటే అది సల్లబడతాది సార్."

"మరి మన సంగతేంది?"

"పది నిమిషాలు ఓర్చుకోండి."

"అద్దాలన్నా దించుతా."

"వద్దు సార్, గాలి అడ్డం పడతాది."

ఆయన జేబురుమాలు తలమీద పరుచుకుని కళ్లు మూసుకున్నారు. పద్యం రాలేదు.

వేంపల్లెలో స్పీడ్ బ్రేకర్ దాటగానే కింద టపటపమని చప్పుడు మొదలైంది. ప్లాస్టిక్ కాలిన వాసన. రోడ్డు పక్కన జనం లేచి నిలబడి మా బండి వైపు వేళ్లు చూపిస్తున్నారు. మా నిదానం చూసి నవ్వుతున్నారనుకుని నేను పోనిచ్చాను. అంతలో రెండు మోటార్ సైకిళ్లు వచ్చి బండికి అడ్డంగా ఆగాయి. ముప్పై ఏళ్ల వయసున్న ముగ్గురు దిగారు. గడ్డమున్నతను బానెట్ మీద చరిచాడు.

"అన్న మొగం రోడ్డు మింద ఈడ్చకపోతాండారే! ఎవరు చేయించినారు ఈ పని?"

సారు తలుపు తీసుకుని దిగారు. చొక్కా పిండితే బిందెడు నీళ్లొచ్చేలా ఉన్నారు. "ఎవురూ చేయించలేదప్పా. ఇదంతా మా మేడమ్ సైన్సు. నన్ను కూడా ఉడకబెట్టింది సూడు" అన్నారు.

గడ్డమతను లోపలికి వంగి చూశాడు. "మేడమ్! మీరా?"

అప్పుడు గుర్తుపట్టాను. వెనక బెంచీ. పదో తరగతిలో నా పేపరు ముప్పైయారుతో గట్టెక్కినవాడు. ఇప్పుడు వేంపల్లెలో ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు నడుపుతున్నాడట.

నేను దిగి చూశాను. సైలెన్సర్ వేడికి ముందువైపు అంచు కరిగి తీగలోంచి ఊడి, ఫ్లెక్సీ తిరగబడి బండి వెనక పరుచుకుంది. నాయకుడు వెల్లకిలా మట్టిలో ఉన్నాడు, నవ్వుతూనే. భయంలో నాకు తెలియకుండానే పాఠం మొదలుపెట్టాను. గాలి, నిరోధం, నునుపు తలం. ముగ్గురూ చేతులు కట్టుకుని విన్నారు.

"అదంతా సరే మేడమ్. మొగం కిందికి ఎందుకు పెట్టినారు?" అన్నాడు ఒకడు.

"పైకి పెట్టింటే అన్న మింద ఆయిలు కారుండేది లేప్పా" అన్నాడు ఇంకొకడు న్యాయంగా.

ఆ మాటతో గొడవ తీరిపోయింది. తువ్వాలు పరుచుకుని కింద దూరి తీగలు కత్తిరించారు. ముఖం తుడిచి, మర్యాదగా మడిచి, ఫ్లెక్సీని తమ బండి మీద పెట్టుకున్నారు. గడ్డమతను పైకి లేస్తూ ఆసరాకు వెనక చక్రం పట్టుకుని, "అబ్బా!" అని చెయ్యి విదిలించాడు. తర్వాత మిగతా మూడు చక్రాలూ తాకి చూశాడు.

"ఇదొక్కటే పెనం మాదిరి కాలతాండాది. హ్యాండ్‌బ్రేకు పట్టకపోయింది మేడమ్. శానా దినాల నుంచి బ్రేకు మిందనే నడుపుతాండారు."

నేనూ వంగి ఆ చక్రం తాకి, చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"మీరే చెప్పినారు గదా, ఘర్షణ ఉన్నచోట వేడి పుడతాదని."

"ఆ పాఠం నీకింకా గుర్తుండాదా?"

"గుర్తుంది మేడమ్. పరీక్ష రోజే గుర్తుకు రాలేదు."

బండిని షెడ్డుకు తీసుకుపోయాడు. మా సందు ఏటవాలుగా ఉంటుంది. బండి జారుతుందేమోనని రోజూ నేనే రెండు చేతులతో హ్యాండ్‌బ్రేకు లాగేదాన్ని. దాని తీగ తుప్పుపట్టి వెనక్కి రాకుండా ఉండిపోయింది. అది వదులు చేశాడు, మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్ దులిపాడు, టైర్లలో గాలి తగ్గించాడు, నా అట్టముక్క పీకి, ఏమీ అనకుండా పక్కన పడేశాడు. నేను స్టూలు మీద కూర్చుని టీ తాగుతూ చూశాను. క్లాసులో ఇతను ఎప్పుడూ కిటికీలోంచి బయటికే చూసేవాడు. వినడం లేదనుకుని ఎన్నిసార్లు నిలబెట్టానో!

రెండు వారాల తర్వాత లెక్క చూస్తే పదిహేడు వచ్చింది. నాన్నకు చెబితే, "ఇంగా ఒకటి తగ్గిందే" అన్నాడు.

తేడా మాత్రం నాకు షెడ్డుకు పోయిన మర్నాటి పొద్దున్నే తెలిసిపోయింది. కడప పొలిమేరలో టీ హోటలు దగ్గర సారు ఎక్కుతారు. అలవాటుగా అంత దూరంలో యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాను. ఇన్నాళ్లూ అలా తీస్తే బండి తనంతట తానే ఆయన ముందు ఆగేది. ఈసారి ఆగలేదు. చెయ్యెత్తి నిలబడ్డ ఆయన్ను దాటి, హాయిగా దొర్లుకుంటూ పోయింది. నేను తేరుకుని బ్రేకు తొక్కేసరికి ఆయన క్యారియర్ ఊపుకుంటూ పరుగెత్తి వస్తున్నారు.

ఎక్కి కూర్చుని చాలాసేపు రొప్పారు. "నిన్న ఉడకబెట్టినారు అన్నందుకు కోపమొచ్చిందా మేడమ్?"

"లేదు సార్. బండి తేలికయింది."

"అయితే అద్దం దించచ్చునా?"

"దించండి."

అద్దం పూర్తిగా దించి, మోచెయ్యి బయట పెట్టుకుని, ఊరు దాటకముందే పద్యం ఎత్తుకున్నారు.