జవాన్ తాత ఆపిన మోటార్ సైకిల్

జవాన్ తాత పోయాడని మొన్న గురువారం పొద్దున చెత్త ఆటో డ్రైవర్ ఫోన్ చేసి చెప్పాడు. "మేడమ్, తాత పోయిండు" అన్నాడు.

ఆయన నాకు చుట్టం కాదు. ఇబ్రహీంపట్నంలో ఊడ్చేవాళ్ల పని చూసుకునే జవాన్‌గా చేసి రిటైరయ్యాడు. నేను వార్డు ఆఫీసర్‌గా చేరిన కొత్తలో ఇంటింటి చెత్త తీసే పనిని ఒక ప్రైవేటు కాంట్రాక్టరుకు అప్పగించారు. ఆ పని జరుగుతోందో లేదో చూసి సంతకం పెట్టడం నా బాధ్యత; ఆ సంతకం మీదే కాంట్రాక్టరుకు బిల్లు వచ్చేది. కాంట్రాక్టరు పెట్టుకున్న సూపర్‌వైజర్ రోజూ ఫోన్‌లో మ్యాప్ చూపించేవాడు. మూడు ఆటోలు, ప్రతి గల్లీలో ఆకుపచ్చ గీత. చూసి సంతకం పెట్టేసేదాన్ని.

ఒకరోజు తాత వచ్చి నా టేబుల్ ముందు నిలబడ్డాడు.

"బిడ్డా, మా గల్లీకి ఆటో రాక వారం దాటింది. మోరి కాల్వ నిండింది. పక్కింటి పిల్లకు డెంగీ వచ్చి దవాఖానల ఉన్నది. నువ్వేమో సంతకం పెడ్తున్నవంట."

"చూడు తాతా, ఇయ్యాల పొద్దుగాల్నే మూడు ఆటోలు మీ గల్లీల తిరిగినయ్" అని మ్యాప్ చూపించాను.

ఆయన నవ్వాడు. "ఫోను తిరిగింది బిడ్డా, ఆటో తిరగలే. కాగితం అబద్ధమాడ్తది గని మోరి ఆడదు. రేపు బండి తీస్కొని రా."

మర్నాడు తెల్లవారగానే తాతను స్కూటీ వెనక ఎక్కించుకుని గల్లీ మొదట్లో ఆగాను. నా ఫోన్‌లో అదే మ్యాప్ తెరిస్తే, ఆటోల గుర్తులు మూడు చుక్కలు మావైపే కదులుతున్నాయి. "వస్తున్నయ్ తాతా! మలుపు కాడికి వచ్చినయ్!" అని అరిచాను. మలుపు తిరిగి వచ్చింది ఒక్క మోటార్ సైకిల్. దాని మీద సూపర్‌వైజర్, భుజానికి ఒక సంచి. అతను మమ్మల్ని దాటాడు. ఫోన్‌లో మూడు చుక్కలూ మమ్మల్ని దాటాయి!

"పోనియ్ బిడ్డా! జర గట్టిగ పోనియ్!" అంటూ తాత నా భుజం చరిచాడు.

అలా నేనెప్పుడూ బండి నడపలేదు. గుంతలు, కోళ్లు, ఎవరి ఇంటి ముందో ఎగిరిపడిన బకెట్టు. అతన్ని దాటి గల్లీ చివర స్కూటీ అడ్డం తిప్పి ఆపేసరికి సూపర్‌వైజర్‌కు దారి లేకపోయింది. తాత దిగి, జేబులోంచి పాత విజిల్ తీసి గట్టిగా ఊదాడు.

"అమ్మా! మూడు ఆటోలు వచ్చినయంట, చెత్త తెండ్రి!"

ఆడవాళ్లంతా బకెట్లతో బయటికొచ్చి మోటార్ సైకిల్‌ను చుట్టుముట్టారు. "ఏడ పొయ్యాలె అన్నా, సంచిలనా?" అని ఒకామె అడిగింది. సూపర్‌వైజర్ సంచి తెరిచాడు. అందులో ఆటోల నుంచి పీకిన మూడు జీపీఎస్ డబ్బాలు! కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాను.

ఆ మధ్యాహ్నానికి నవ్వు పోయి భయం పట్టుకుంది. కాంట్రాక్టరు మనిషి ఆఫీసుకొచ్చి కూర్చున్నాడు. "కొత్త నౌకరీ మేడమ్, చిన్నదాన్ని ఎందుకు పెద్దగ చేసుకుంటరు?" అన్నాడు మెత్తగా. రిపోర్టు మీద నా చెయ్యి ఆగిపోయింది. తలుపు దగ్గర నిలబడిన తాత ఒక్కమాటే అన్నాడు.

"చూసింది రాయి బిడ్డా. చూడంది రాయకు."

రాశాను. కాంట్రాక్టరుకు నోటీసు వెళ్లింది. ఆ వారం నుంచి మూడు ఆటోలూ నిజంగా తిరిగాయి. తాత పక్కింటి పిల్ల కోలుకుని ఇంటికొచ్చింది.

డ్రైవర్లను తీసేయించాలని పట్టుబట్టాను నేను. తాత ఒప్పుకోలేదు. "ఆటోలు షెడ్డుల పెట్టుమన్నది కాంట్రాక్టరు. ఆళ్లనేం జేస్తవ్? రేపు చెత్త ఎత్తేది గీళ్లే గదా" అన్నాడు. తర్వాత రోజూ వాళ్లతో చాయ్ తాగేవాడు. కట్టెతో మోరి కెలికి చూసి, ఏడింటికల్లా నాకు ఫోన్ చేసేవాడు: "ఆఫీసరమ్మ లేచిందా, నేనొచ్చి లేపాల్నా?" ఇప్పటికీ మ్యాప్ చూడకముందే గల్లీలోకి నడిచి వెళ్తున్నానంటే ఆ ఫోన్ల పుణ్యమే.

గురువారం నేను వెళ్లేసరికే డ్రైవర్లు వచ్చి ఉన్నారు. చెత్త ఆటోల్లో రోజూ మోగే పాటలు ఆపేశారు. ఎవరూ చెప్పకుండానే గల్లీ అంతా ఊడ్చి, మోరిలో మురికి తీసి, రెండు వైపులా బ్లీచింగ్ పౌడర్ చల్లారు. తాతను ఆ తెల్లటి గీతల మధ్య నుంచి మోసుకెళ్లారు.

అందరూ మలుపు తిరిగాక గల్లీలో బంతిపూల రేకులు మిగిలాయి. నాకు ఫోన్ చేసిన డ్రైవర్ చీపురు పట్టుకుని, వాటిని ఊడవకుండా అలాగే చూస్తూ నిలబడ్డాడు.