మల్లేశ్ అడిగిన బస్సు

జగిత్యాల పక్క పల్లె నుంచి దుబాయ్ వచ్చిన మల్లేశ్‌కు ఎవరినీ ఏమీ అడిగే అలవాటు లేదు. పద్నాలుగేళ్లుగా ఏసీ గొట్టాలు బిగిస్తున్నాడు, ఫోర్‌మన్ తిట్టినా నోరెత్తి ఎరగడు. అలాంటివాడు 2023 ఎన్నికల ముందు ఒక శనివారం ముదీర్‌ను, అంటే కంపెనీ మేనేజరును, బతిమాలి సగం రోజు సెలవు తీసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని అల్ కుసైస్‌లో ఒక హోటల్ మేడ మీదికి వెళ్లాడు. వాళ్ల నియోజకవర్గం అభ్యర్థి అక్కడికి వచ్చాడు. ఆ దేశంలో జెండాలు, కండువాలు కుదరవు గనుక ఆ ప్రచార సభకు ఆత్మీయ సమ్మేళనం అని పేరు పెట్టారు. ఆత్మీయత ఎంతో గానీ, బిర్యానీ మాత్రం ఘనంగానే పెట్టారు.

మల్లేశ్ వెళ్లింది బిర్యానీకి కాదు. ఊళ్లో బడి ఏడో తరగతితో ఆగిపోతుంది. పై చదువుకు నాలుగు కిలోమీటర్లు పోవాలి. కరోనాలో ఆపేసిన బస్సు మళ్లీ వేయనే లేదు. మగపిల్లలకు సైకిళ్లున్నాయి. నడిచేది ఇద్దరు ఆడపిల్లలే, వాళ్లలో ఒకతె తొమ్మిదో తరగతికి వచ్చిన అతని కూతురు అక్షయ. కరోనాలో ఇంటికి పోయినవాడు మళ్లీ విమానం ఎక్కిందే ఆ పిల్ల చదువు కోసం. ఆ ఒక్క బస్సూ వస్తే ఇంకో పదేళ్లయినా ఇక్కడ గడిపేస్తాననుకునేవాడు.

వంతు రాగానే చెప్పాడు. అభ్యర్థి శ్రద్ధగానే విన్నాడు, అబద్ధమెందుకు. భుజం మీద చెయ్యి వేసి, బస్సు పూచీ తనదన్నాడు. మల్లేశ్‌కు కళ్లు చెమర్చాయి.

ఆ తర్వాత అక్కడ అందరితో చేయించిన పనే ఇతనితోనూ చేయించారు. ఇంటికి వీడియో కాల్ చేసి, సార్‌ను చూపించి, ఓటు ఆయనకే వేయమని చెప్పాలి. దుబాయ్ నుంచి వచ్చిన మాట ఇంట్లో తీసేయరని వాళ్లకు బాగా తెలుసు.

మల్లేశ్ భార్యకు చేశాడు. ఎత్తింది అక్షయ. ఊళ్లో అప్పుడు మధ్యాహ్నం పన్నెండున్నర. బడిలో ఉండాల్సిన పిల్ల ఒళ్లో బీడీల చాట పెట్టుకుని కూర్చుంది. తండ్రిని చూసి చాట పక్కకు నెట్టింది. మల్లేశ్ నోరు తెరిచేలోపే అభ్యర్థి ఫోను అందుకుని, బాగా చదువుకో తల్లీ, నీ బస్సు వస్తుంది అన్నాడు. పిల్ల సరే సార్ అంది. అందరూ చప్పట్లు కొట్టారు, ఎవరో ఫొటో తీశారు.

మల్లేశ్ ఫోను తీసుకుని మెట్ల దగ్గరికి వచ్చాడు.

"బడికి పోలేదా బిడ్డా?"

"జూన్ల బంద్ చేసిన బాపు. తోడు వచ్చే పిల్ల మానేసింది. తొవ్వల ఒక్కదాన్నే భయమైతుండె. నీకు చెప్తే పని ఇడిచిపెట్టి వస్తవని అమ్మ చెప్పనియ్యలె."

"మళ్ల పోతవా?"

"ఇప్పుడెట్ల పోత బాపు? అందరు ముందటికి పోయిండ్రు."

ఐదు నెలలుగా అతను రోజూ ఫోన్లో బడి ఎట్లుందని అడిగాడు, ఆమె మంచిగుంది అంది. ఆ మాట పట్టుకునే ఎండలో పని చేశాడు, పిచ్చివాడు. కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో కూడా అతనికి తోచలేదు.

లోపలికి వచ్చేసరికి అభ్యర్థి మనిషి నోట్‌బుక్ పట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

"మల్లేశన్నా, బస్సుకు దరఖాస్తు రాస్తున్న. మీ ఊర్ల ఎక్కే పిల్లలు ఎందరు?"

ఇద్దరని చెప్పాలని పొద్దుననే అనుకుని వచ్చాడు.

"ఎవ్వలు లేరు," అన్నాడు మల్లేశ్.

ఆ మనిషి అతని ముఖంలోకి ఒకసారి చూసి, రాసింది కొట్టేసి, తర్వాతి పేరు పిలిచాడు.