ముందు మీ మెయిన్ ఆపి చూడండి

నిరుడు మేం హెబ్బగోడిలో అద్దెకున్నప్పటి సంగతి. నాకు లైసెన్సున్న హ్యామ్ రేడియో ఉంది. సాయంత్రాలు దేశదేశాల వాళ్లతో మాట్లాడటం నా సరదా. పైగదిలోకి మునిరాజు అనే ఆయన దిగిన వారం నుంచి రేడియోలో ఒకటే గరగర. వెళ్లి అడిగితే, "నీ డబ్బా పాతదైపోయింటే నా మీద పడతావేమప్పా?" అన్నాడు. ఆ మాట నేను మరిచిపోలేదు. ఓనరుకు మూడు ఫిర్యాదులు రాశాను. ఆయన మునిరాజును గది ఖాళీ చేయమన్నాడు.

ఆ వారమే శ్రీలంక నుంచి ఒక పెద్దాయన రేడియోలో కలిశాడు. ఇలాంటి అడ్డంకికి ప్రపంచమంతా వాడే సంకేతం ఒకటే, క్యూఆర్ఎం. ఆ మూడక్షరాలకే ఆయనకు నా బాధ అర్థమైంది.

"ముందు మీ ఇంటి కరెంటు మెయిన్ ఆపి, రేడియోను బ్యాటరీ మీద వినండి. ఏ దేశంలోనైనా మొదట చేసేది అదే" అన్నాడు ఇంగ్లీషులో.

నాకు రోషం వచ్చింది. తప్పు నాది కాదని నిరూపించడానికి ఓనరునూ మునిరాజునూ పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టి మరీ, రేడియోను బ్యాటరీకి కలిపి మా ఇంటి మెయిన్ ఆపాను.

గరగర ఆగిపోయింది.

మళ్లీ మెయిన్ వేసి, ఒక్కొక్క స్విచ్చే నొక్కుతూ పోతే దొంగ దొరికింది. మునిరాజు దిగిన వారమే బళేపేట బజారులో నేను ఏరి కొన్న టేబుల్ లైటు! దాని మీద ఏ ప్రమాణాల ముద్రా లేదు.

"ఖాళీ చేయాల్సింది నేను కాదప్పా, ఆ లైటు!" అన్నాడు మునిరాజు. ఓనరు పగలబడి నవ్వాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

మూడు ఫిర్యాదులూ అప్పుడే వెనక్కి తీసుకున్నాను. ఇప్పుడు ఎవరి మీద రాయాలన్నా ముందు నా మెయిన్ ఆపి చూసుకుంటాను. మునిరాజు మాత్రం నా రేడియోను డబ్బా అన్న మాట ఇంతవరకు వెనక్కి తీసుకోలేదు.