మునెమ్మకు ఊరికే వచ్చిన బిస్కత్తుల గొట్టం

1962లో నన్ను కన్నడనాట ఉన్నా తెలుగు మాట్లాడే చింతామణి బ్లాకుకు ముఖ్యసేవికగా వేశారు. పల్లెల్లో మహిళా సమాజాలు నడిపే గ్రామసేవికల పని చూసుకోవడం నా ఉద్యోగం. నా పైన బి.డి.ఓ., ఆయన పైన జిల్లా అధికారులు. ఇంట్లో బిస్కత్తులు చేసుకోవడానికి ఒక్కో పనికి ఒక్కో సామాను కొనాలా అని ఈమధ్య మా మనవరాలు అడిగితే, నాకు అప్పటి కోపం మళ్ళీ లేచింది.

బట్లహళ్ళి సమాజంలో మునెమ్మ అనే ఆమె ఉండేది. భర్త పోయాక రాగి బిస్కత్తులు కాల్చి సంతల్లో అమ్ముకుని ఇల్లు నడిపేది. ఓవెన్ లేదు. డేక్షాలో ఇసుక పోసి వేడిచేసి, లోపల తట్టలో, అంటే పళ్ళెంలో, బిస్కత్తులు పెట్టి, మూత మీద నిప్పులు వేసేది. రాగిపిండి, నెయ్యి, దంచిన బెల్లం కలిపి అరచేత్తో అదిమిన బిళ్ళలు అవి. ఆ ఏడు శివరాత్రికి నంది గుడి జాతరలో మా బ్లాకుకు ఒక అంగడి ఇచ్చారు. ఒక హాస్టలు వార్డెను అక్కడికి వచ్చి రుచి చూస్తానని, నచ్చితే వారం వారం మునెమ్మ దగ్గరే కొంటానని అన్నాడు. అది కుదిరితే ఆమెకు సంతల వెంట తిరిగే పని తప్పేది.

జాతర ముందర జిల్లా నుంచి ఒక పెట్టె దిగింది. నిండా బిస్కత్తులు ఒత్తే గొట్టాలు, సమాజాలకు ఊరికే ఇచ్చినవి. పిండి కూరి పిడి తిప్పితే పువ్వు ఆకారంలో బిస్కత్తు పడుతుంది. ఇంకో పనికి రాదు. తెచ్చిన అధికారి మా ఆఫీసులో మైదా, చక్కెర, గుడ్డు కలిపి ఒత్తి చూపించాడు. చక్కగానే పడ్డాయి. గుడి జాతరలో గుడ్డు కలిపిన తిండి అమ్మకూడదు, గుడ్డు లేని రాగిపిండికి పట్టు ఉండదు, బెల్లం పలుకులు కన్నాల్లో ఇరుక్కుంటాయి అని అక్కడే చెప్పాను. గృహవిజ్ఞానం చదివి వచ్చినదాన్ని, నోటికొచ్చింది చెప్పలేదు. ఆయన వింటేనా? అంగట్లో జనం ఎదుటే గొట్టంతో ఒత్తినవే ఉండాలి, చేత్తో చేసిన మొరటు బిళ్ళలు కనబడకూడదని ఆర్డరు వేశాడు.

మునెమ్మ గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "నా డేక్షాలో సంగటి కెలుకుతా, ఉలవలు ఉడకేస్తా, బిస్కత్తూ కాలుస్తా. ఇది ఇంక దేనికి పనికొస్తాదమ్మా?" అంది.

జాతరలో అనుకున్నంతా అయింది. పిండి పొడిపొడిగా రాలింది. మునెమ్మ బలంకొద్దీ తిప్పితే పిడి విరిగింది. సరిగ్గా అప్పుడే వార్డెను వచ్చి, తట్టలోని తునకలు చూసి, ఒక్కటీ నోట్లో వేసుకోకుండానే పక్క అంగట్లోని చిక్కబళ్ళాపురం బేకరీ ఆయన దగ్గరికి పోయాడు. ఈ పల్లెటూరి ఆడవాళ్ళకు యంత్రాలు చేతకావని ఆ గొట్టాలు తెచ్చిన అధికారి అందరి ముందర కన్నడంలో అని నవ్వాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంకో గొట్టం తీసి, అదే పిండి కూరి, మీరు ఒత్తండి సార్ అని ఆయన చేతిలో పెట్టాను. జనం మూగారు. తిప్పాడు, తిప్పాడు, మొహం ఎర్రబడింది, ఒక్క పువ్వు పడలేదు. వేరే అంగళ్ళు చూడాలని చెప్పి జారుకున్నాడు. తప్పు తనదన్న మాట మాత్రం ఆ మనిషి నోట రాలేదు.

మునెమ్మ దారిలో తినడానికని చేత్తో చేసి తెచ్చుకున్నవి నాలుగు పట్టుకుపోయి వార్డెనుకు తినిపించాను. బాగున్నాయన్నాడు, కానీ బేకరీ ఆయనకు మాట ఇచ్చేశానన్నాడు.

"నాకు వచ్చిన పని నన్ను చెయ్యనిస్తే సరిపోతా ఉండె గదమ్మా" అంది మునెమ్మ, తట్ట తుడుచుకుంటూ.

నేను సామానుకు విరోధిని కాను. మా ఇంట్లో మురుకుల గొట్టం ఉంది. అడుగున కన్నాల బిళ్ళ మారిస్తే కారపూసా వస్తుంది, నెలకు రెండుసార్లైనా దించుతాము. ఒక్క పనికే పుట్టిన సామాను తెచ్చుకునే ముందు, మనం రోజూ వాడే పిండి అందులో దిగుతుందా అని మన చేత్తోనే చూసుకోవాలి. దిగకపోతే, ఊరికే ఇచ్చినా ఇంట్లోకి రానివ్వకూడదు. మునెమ్మకు ఆ గొట్టం ఊరికే వచ్చింది. నేను బదిలీ అయ్యేనాటికి కూడా ఆమె గంప నెత్తిన పెట్టుకుని బాగేపల్లి సంతకు పోతూనే ఉంది.