రాగిసంగటి చూసి యేసమ్మ పడ్డ జాలి

ఈ రోజు మధ్యాహ్నం వంటింట్లో కూర్చుని రాగిసంగటి తింటూ ఉంటే యేసమ్మ వచ్చింది. ఒకప్పుడు మా ఇంట్లో అంట్లు తోమేది. అప్పట్లో పెరటి వాకిలి దాటి లోపలికి వచ్చేది కాదు. పెనిమిటికి ఫ్యాక్టరీలో పని దొరికాక మానేసింది. తిరువళ్లూరు బజారుకు వచ్చినప్పుడల్లా నన్ను పలకరించి పోతుంది.

నా కంచం చూడగానే ఆమె మొహం వాడిపోయింది.

"ఏందమ్మా ఇది? సంగటి తింటా ఉండారే! అయ్య పోయినాక అంగడి మునిగిపోయిందా? మాకు ఒక మాట చెప్పకూడదా?"

"అదేం లేదు యేసమ్మా. గుండె బాగాలేదని డాక్టరు అన్నం, నెయ్యి తగ్గించమన్నాడు" అన్నాను.

నమ్మలేదు. వాళ్ల ఇంట్లో సంగటి గెలికి చాలా కాలమైంది, ఇప్పుడు మూడు పూటలా తెల్లన్నమే. గబగబా బజారు వెనకే ఉన్న ఇంటికి పోయి, క్యారియరు నిండా అన్నం, వనస్పతిలో వేయించిన ఉర్లగడ్డ దుంపలు తెచ్చి నా కంచంలో పెట్టింది.

"మీ ఇంటాయన బాగున్నాడా?" అని అడిగాను.

"ఎద నొప్పంటా ఉండాడు. సోడా తాగి షిఫ్టుకు పోతా ఉండాడు."

"అయ్యో, అది గుండె నొప్పేమో! రేపే మా డాక్టరు దగ్గరికి తోడుకొని రా."

"గుండె జబ్బు మీ మాదిరి పెద్దోళ్లకు కదమ్మా, మాకెందుకొస్తాది? ముందు మీరు తినండి" అంటూ ఎదురుగా చతికిలబడింది.

రేపు వాళ్లాయన్ని నేనే వెంటబెట్టుకుని పోతాను. మా ఆయన పోయాక నా భోజనానికి రేడియో తప్ప తోడు లేదు. ఎదురుగా ఒక మనిషి కూర్చునేసరికి ఒక్క మెతుకు కూడా మిగల్చలేదు. డాక్టరుకు ఏమని చెప్పమంటారు?