చెవిలో అగ్గిపుల్ల పెట్టుకునే పెద్దాయన

నేను ఐదో తరగతి దాకానే చదివాను. రాయడం ఇదే మొదలు. అక్షరాలు తప్పుగా పడితే ఏమీ అనుకోకండి.

నర్సీపట్నంలో నా టైలరింగ్ షాపు ముందు ఒక రిటైరైన ఆఫీసరుగారు కూర్చునేవారు. పిల్లల్ని ఏ కోర్సులో చేర్చాలన్నా అందరూ ఆయన్నే అడిగేవారు. ఆయన ప్రశ్న వేసి, జవాబు వినకుండా అగ్గిపుల్లని చెవిలో తిప్పుకుని, దాన్ని వాసన చూసేవారు.

ఒకరోజు గొలుగొండ నుంచి ఒక రైతు తన కూతుర్ని తీసుకొచ్చాడు. ఆ పిల్లకి ఐర్లండ్ యూనివర్సిటీలో సెల్టిక్ భాషలు, అంటే అక్కడి పాత భాషలు, సాహిత్యం చదవడానికి స్కాలర్‌షిప్‌తో సీటొచ్చింది.

“అది సదివితే ఏటొస్తాదమ్మా?” అన్నారాయన, పుల్ల తిప్పుతూ.

“బళ్ళల్లో సెప్పొచ్చండి. టీవీల్లోన, అనువాదాల్లోన పనులుంటాయండి.”

“ఆళ్ళ బాస ఆళ్ళ పిల్లలకి గొలుగొండ నుంచెళ్ళి నువ్వు సెప్తావేటి?” అని పకపకా నవ్వారు.

పెద్దాయన నవ్వారు కదా అని రైతు కూడా నవ్వాడు. ఆ పిల్ల మాత్రం తండ్రి ముఖంలోకే చూస్తూ ఉండిపోయింది.

“అయితే ఒద్దులెండి బాబూ,” అన్నాడు రైతు.

మర్నాడు ఆఫీసరుగారు చొక్కా గుడ్డ తెస్తే కుట్టనన్నాను. ఎందుకని అడిగితే చెప్పడానికి నోరు రాలేదు. అందుకే ఇక్కడ రాశాను. తప్పులుంటే మన్నించండి.